బీరువా కింద నేల

ఆఫీసు, వీధి వైపు బల్ల
ఎండలు ముదిరిన వారం

మామగారికి నమస్కారాలు.

ఫోనులో నా మాట మీకు సగమే వినబడుతుంది, వినబడిన సగం మీకు నచ్చదు. అందుకని మీ చిన్నమ్మాయి సలహా మీద కాగితం, కలం పట్టాను. మేమిద్దరం కులాసా. వదినగారింట్లో మీకు బాగా జరుగుతోందని, అక్కడి గోడలకు వంకలు పెట్టి ఆవిడ ప్రాణం తీయడం లేదని తలుస్తాను.

శుభవార్త ఏమిటంటే, గడియారాలు బాగుచేసే ఆయన ఇల్లు అమ్ముడుపోయింది. మీరు మన ఇళ్ల బేరాల ఆఫీసు నాకు అప్పగించి వెళ్లాక అమ్మకానికి వచ్చిన ఇల్లు అది. వచ్చినవాళ్లు వచ్చినట్టే చూసి వెళ్లిపోతుంటే మన ఆఫీసు అద్దానికి అంటించిన ఫోటో వెలిసిపోయింది గానీ ఇల్లు కదల్లేదు. చివరికి ఒక బస్సు డ్రైవరు కొన్నాడు. ఆయన, భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ముసలి తల్లి. ఆయన ఇల్లు చూసిన తీరు మీరు చూసి తీరాల్సింది. డిపోలోంచి బస్సు తీసేముందు బ్రేకులు చూసుకున్నట్టు ప్రతి కిటికీ తెరిచి మూశాడు, ప్రతి గోడా తట్టాడు. ఇంజనీరును పిలిపించి చూపిస్తానన్నాడు. "ఎందుకండీ దండగ, ఇన్నేళ్లుగా ఇళ్లు చూస్తున్నవాణ్ణి, నేను లేనా?" అన్నాను. సరేనన్నాడు.

వెనక గదిలో మాత్రం ఆగాడు. అక్కడ గడియారాలాయన వదిలేసి వెళ్తున్న పెద్ద ఇనప బీరువా ఉంది. "దీని కింద ఏముందండీ?" అని అడిగాడు. "నేలండీ, ఇంకేముంటుంది?" అన్నాను. అందరూ ఒకటే నవ్వు. ముసలావిడైతే కళ్లు తుడుచుకుంది. మర్నాడే సంతకాలు అయిపోయాయి.

మీ దగ్గర నేర్చుకున్న విద్య ఊరికే పోలేదని చెప్పడానికే ఇదంతా. ఆరోగ్యం జాగ్రత్త.

మీ అల్లుడు

*

పెద్దమ్మాయి ఇల్లు, మేడ మీద గది

అల్లుడు గారికి దీవెనలు.

మీ ఉత్తరం పెద్దమ్మాయి పైకి చదివింది. చదువుతూ నవ్వింది. నేను నవ్వలేదు. పళ్లు కట్టించుకున్నప్పటి నుంచీ నేను ఆలోచించుకుని గానీ నవ్వడం లేదు.

ఇల్లు అమ్మినందుకు సంతోషం. కానీ ఒక్క మాట. గోడలన్నీ తట్టి చూసే మనిషి, ఆ బీరువా దగ్గరే ఎందుకు ఆగాడు? మీరు దాన్ని జరిపి చూపించారా? కొనేవాడు అడిగినదానికి మనం నవ్వించామంటే జవాబు చెప్పలేదనే అర్థం. నలభై ఏళ్లు ఈ పనిలో ఉన్నవాణ్ణి, ఆ మాత్రం వాసన పసిగట్టగలను.

నా పద్ధతి మీకు తెలుసు. ఇంట్లో ఏది అన్నిటికన్నా పాడుగా ఉందో ముందు అక్కడికే తీసుకెళ్లేవాణ్ణి. గోడకు చెమ్మ ఉంటే, కొనేవాళ్ల అరచేతిని ఆ చెమ్మ మీద పెట్టించేవాణ్ణి. "ఇదీ ఈ ఇంటి జబ్బు. దీన్ని భరించగలిగితే మిగతా గదులు చూపిస్తాను" అనేవాణ్ణి. మీ అత్తగారు బతికున్నన్నాళ్లూ "ఇలాగైతే మనం అడుక్కు తినాలి" అని గోల పెట్టేది. అడుక్కు తినలేదు, ఇద్దరాడపిల్లల్నీ చదివించాం.

ఇంకోటి కూడా గుర్తు చేస్తున్నాను, తప్పుగా అనుకోకండి. బోర్డు మీద పేరు నాది, లైసెన్సు నాది. మీరు నా చేతి కింద పనిచేస్తున్నట్టే చట్టం లెక్క. అందుకని ఆ ఇంట్లో మీరన్న మాట నేనన్నట్టే, మీరు మింగిన మాట నేను మింగినట్టే. మనకు తెలిసిన లోపాన్ని వాళ్లు అడిగినా అడక్కపోయినా చెప్పి తీరాలి. అది మన మంచితనం కాదు, మన బాధ్యత.

బీరువా సంగతి రాయండి.

మామ

*

ఆఫీసు

మామగారికి నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది, మన్నించాలి. బోర్డుకు రంగు వేయించడంలో తలమునకలయ్యాను. మీ పేరు ఇప్పుడు నీలం రంగులో ఉంది. మీ చిన్నమ్మాయికి పసుపు కావాలి, పెయింటరుకు ఎరుపు ఇష్టం, నేను మధ్యలో నలిగి చివరికి నీలానికి ఒప్పించాను. కొత్త కుర్చీలు కూడా రెండు కొన్నాం. పాతవాటిలో ఒకటి కూర్చోగానే కిర్రుమంటుంది, దాన్ని పారేయొద్దని మీరన్నారు కాబట్టి అలాగే ఉంచాను.

బీరువా చాలా బరువండీ. నలుగురు కావాలి దాన్ని కదపడానికి. అమ్మినాయన ఏ లోపమూ చెప్పలేదు. అయినా అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, వాళ్లు గట్టిగా అడిగితే జరిపించేవాణ్ణే.

గడియారాలాయన పోయిన వారం కన్నుమూశారు, పాపం. ఇల్లు ఖాళీ చేసి వాళ్ల చెల్లెలి దగ్గరికి వెళ్లిన కొద్ది రోజులకే గుండె ఆగిందట.

ఇక్కడ ఎండలు తగ్గుముఖం పట్టాయి. ఉంటాను.

మీ అల్లుడు

*

ఇంట్లో, వంటింటి బల్ల
వానలు పట్టుకున్నాక

మామగారికి,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఇప్పటికి మూడు కాగితాలు చింపాను. మీ అమ్మాయి ఎదురుగా కూర్చుని "ఉన్నది ఉన్నట్టు రాయండి, నాన్నకు డొంకతిరుగుడు అర్థం కాదు" అంటోంది. ఆవిడకు కూడా నిన్ననే చెప్పాను.

ఆ ఇంట్లో వెనక గది నేల కుంగింది. బీరువా నిలువునా లోపలికి దిగబడిపోయింది. దాని కింద పాత బావి ఉంది. గడియారాలాయన నాన్నగారి కాలంలో చెత్త, ఇటుక ముక్కలు పోసి పూడ్చి, మీద గది కట్టేశారు. డ్రైవరుగారి తల్లి మంచం ఆ గదిలోనే. నేల కుంగే సమయానికి ఆవిడ వంటింట్లో చిన్న మనవరాలికి జడ వేస్తోంది. అందుకని బతికింది.

మామగారూ, నాకు తెలుసు. గడియారాలాయన మొదటిరోజే చెప్పాడు. "వెనక గది కింద బావి ఉంది నాయనా, నేల ఏటికేడు కొంచెం దిగుతోంది, కొనేవాళ్లకు చెప్పు" అన్నాడు. ఆయన దాచమనలేదు. నేనే, "అడిగితే చెబుదాం లెండి, ముందే బెదరగొట్టడం ఎందుకు, ఈ బీరువాను ఇటు జరుపుదాం" అన్నాను. నలుగురు కూలీల్ని పిలిచి జరిపించింది కూడా నేనే. బరువు, కదపలేం అని మీకు రాశానే, అది రాస్తున్నప్పుడు నా చెయ్యి ఆగలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ సిగ్గుగా ఉంది. డ్రైవరు అడిగాడు. అడిగితే చెబుదాం అన్నవాణ్ణి, అడిగినప్పుడు జోకేశాను.

డ్రైవరుగారు మొన్న ఆఫీసుకు వచ్చారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. కిర్రుమనే కుర్చీలో కూర్చుని, "మీరు నేల అన్నారు కదండీ, మేమందరం నవ్వాం. మా అమ్మ ఎక్కువ నవ్వింది" అన్నారు. "మీకు తెలుసాండీ?" అని అడిగారు. "లేదండీ, నాకెలా తెలుస్తుంది?" అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

ఆయన లైసెన్సుల ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చారు. నోటీసు మీ పేరున వచ్చింది, నా పేరు కింద ఉంది. మనకు తెలిసే అమ్మామని తేలితే గది కట్టించి ఇవ్వడమో, ఇల్లు వెనక్కి తీసుకోవడమో మన నెత్తిన పడుతుంది, లైసెన్సు పోతుంది. తెలియదని తేలితే ఆ ఇల్లు, ఆ గొయ్యి వాళ్ల ఖర్మ. లాయరు అంటున్నాడు, "మీకు చెప్పింది ఆయనొక్కడు, ఆయన పోయాడు. అమ్మినాయన దాచాడనండి, చాలు."

మీ మొహం ఎలా చూడను? ఏం చెయ్యమంటారో చెప్పండి.

మీ అల్లుడు

*

మేడ మీద గది

అల్లుడూ,

ఇన్నేళ్లు మీరు, గారు అన్నాను. ఈ పూట నావల్ల కాదు. నువ్వు చదువుకున్నవాడివని, నోరు మంచిదని పిల్లనిచ్చాను. ఆ నోటితోనే నా కొంప ముంచావు.

అడగందే అమ్మైనా పెట్టదట! ఆ సామెత అన్నానికిరా, బావికి కాదు. ఒక ముసలావిడ మంచం బావి మీద వేసుకుని పడుకుంటుంటే, నువ్వు నా బోర్డుకు నీలం రంగు వేయించుకుంటూ కూర్చున్నావా? గడియారాలాయన నాకన్నా పెద్దమనిషి. తన ఇంటి జబ్బు తనే చెప్పుకున్నాడు. ఆ నోరు మూయించింది మనం. నాకు అబద్ధం రాశావు చూడు, దానికి నిన్ను ఎప్పటికి క్షమిస్తానో నాకే తెలియదు.

ఇప్పుడు చేతులు కాలాక ఏ ఆకులు పట్టుకోమంటావు? ఎంత ఆలోచించినా నాకు తోచింది ఒక్కటే. లాయరు చెప్పినట్టే చెయ్యి. ఈ వయసులో, నలభై ఏళ్ల పేరు పెట్టుకుని, మోసగాడు అనిపించుకుని ఆ బోర్డు దించలేను. వీధిలో నడిస్తే వేలు చూపిస్తారు. చిన్నమ్మాయి ఆ వీధిలోనే బతకాలి. నీకు తెలియదను, ఊరుకో. ఎక్కువ మాట్లాడకు. నీ నోటికి ఎంత తక్కువ పని చెబితే అంత మంచిది.

పెద్దమ్మాయికి ఈ సంగతి చెప్పలేదు. నువ్వూ రాయకు.

మామ

*

అదే గది
నాలుగు రోజుల తర్వాత

అల్లుడూ,

ముందు రాసిన ఉత్తరం చించెయ్యి. విచారణకు వెళ్లేలోపు ఇది నీకు అందాలని పోస్టాఫీసుదాకా నేనే నడిచి వెళ్తున్నాను.

నిన్న ఏం జరిగిందో చెబుతాను. పక్కింటి నర్సమ్మ ఇల్లు కొనుక్కోవాలని తిరుగుతోంది. "పెద్దాయనా, మీకు ఇళ్లు తెలుసు, తోడు రండి" అంది. వెళ్లాను. చూపించే ఏజెంటు ఒక పాతికేళ్ల అమ్మాయి, కొత్తగా పనిలో చేరినట్టుంది. హాల్లో చాప పరిచి ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది, "ఆ చాప ఎత్తమ్మా" అన్నాను. ఎత్తింది. కింద టైల్సు మూడు పగిలి ఉన్నాయి. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "చెబుదామనే అనుకున్నానండీ, మా ఓనరు ముందే చెప్పొద్దన్నారు" అంది. నేను మొదలుపెట్టాను, నీకు తెలిసిన ఉపన్యాసమే: తెలిసింది చెప్పాలమ్మా, దాచడం కూడా అబద్ధమేనమ్మా, కొనేవాళ్లు మనల్ని నమ్మి వస్తారమ్మా. ఆ పిల్ల "తప్పేనండీ" అని తలదించుకుని నా ముందు నిలబడింది.

ఉపన్యాసం మధ్యలో ఆపి ఆ చాప మీదే కూర్చున్నాను. నర్సమ్మ నాకు గుండె నొప్పేమోనని మంచినీళ్లు తెచ్చింది. గుండె నొప్పి కాదు, సిగ్గు. మూడు టైల్సుకు ఆ పిల్లను నిలబెట్టి కడిగేస్తున్న నేను, బావి మీద ఊరుకోమని నీకు రాసి నాలుగు రోజులు కాలేదు. ఆ ఓనరుకీ నాకూ తేడా ఏమిటి? అతను చాప పరిపించాడు, నేను చచ్చిపోయిన మంచివాడి మీద నింద పరిపిస్తున్నాను. నిన్ను తిట్టాను, తిట్టడానికి నాకు హక్కుంది. కానీ నేను నీకన్నా పెద్ద తప్పు చేశాను. నువ్వు భయపడి దాచావు. నేను తీరిగ్గా కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, దాచమని రాశాను.

నిజం చెప్పెయ్యి. లైసెన్సు పోతే పోనీ. బోర్డు దించాల్సి వస్తే నేనే వచ్చి నిచ్చెన ఎక్కుతాను. వాళ్ల గది వాళ్లకు కట్టించి ఇద్దాం, అందుకు నా ఇల్లు అమ్మాల్సొచ్చినా సరే. దాని జబ్బులన్నీ నాకు తెలుసు, కొనేవాళ్లకు ఒక్కొక్కటే చూపిస్తాను.

కోపం ఉంది, అయినా దీవిస్తున్నాను.

మామ

*

ఆఫీసు
విచారణ అయిన రోజు సాయంత్రం

మామగారికి,

ఊరుకోమంటూ మీరు రాసిన ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టే చేశాను. గెలిచాం.

చిన్న గది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగురుతుంటే అధికారి వాటి మీద కళ్లజోడు డబ్బా పెట్టుకున్నాడు. నన్ను అడిగాడు, "బావి ఉన్న సంగతి మీకు తెలుసా?" "తెలియదండీ, అమ్మినాయన చెప్పలేదు" అన్నాను. "బీరువా జరిపి చూడలేదేం?" "చాలా బరువండీ." అంతే. డ్రైవరుగారిని అడిగాడు, ఇంజనీరును ఎందుకు పిలవలేదని. ఆయన నా వైపు చూసి, "ఈయన ఉన్నానన్నారండీ" అన్నారు. "అది మర్యాదకు అనే మాటండీ" అని మన లాయరు అందుకున్నాడు. ఏజెంటుకు తెలుసనడానికి ఆధారం లేదని ఫిర్యాదు కొట్టేశారు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. మెట్ల దగ్గర డ్రైవరుగారు వెనక నుంచి పిలిచారు. ఆయన భార్య "వదిలెయ్యండి, రండి" అంటోంది. ఆవిణ్ణి ఆగమని, నా దగ్గరికి వచ్చి, నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మిమ్మల్ని ఇక్కడిదాకా ఈడ్చాను. ఆ చచ్చిపోయినాయన చేసిన మోసానికి మిమ్మల్ని అనుమానించాను. తప్పయిపోయింది, క్షమించండి" అన్నారు.

"పర్వాలేదండీ" అన్నాను.

మామగారూ, నేను క్షమించాను. ఆయన్ని నేను క్షమించాను! ఆయన చేతులు గరుకుగా ఉన్నాయి, స్టీరింగు పట్టిన చేతులు. అప్పటి నుంచీ నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. లాయరు భుజం తట్టి కాఫీ తాగుదామన్నాడు. తాగాను కూడా. ఇంటికి వెళ్లాలంటే భయంగా ఉంది. మీ అమ్మాయి పొద్దున్నే అడిగింది, ఏం చెప్పబోతున్నారని. లాయరు చెప్పమన్నదే అన్నాను. అప్పటి నుంచీ ఆవిడ మాట్లాడలేదు.

మీ పేరు నిలబడింది. సంతోషించండి.

మీ అల్లుడు

*

ఇంట్లో, వంటింటి బల్ల

మామగారికి,

మీ రెండో ఉత్తరం విచారణ అయిన మర్నాడు వచ్చింది. పోస్టుమాన్ చేతిలో చూసి, మళ్లీ నోరు మెదపొద్దనే రాశారేమోనని భయపడ్డాను. చదివి, మీ అమ్మాయి చేతికిచ్చాను. ఆవిడ చదివి, చీర మార్చుకుని వచ్చి, "పదండి" అంది. ఎక్కడికని నేను అడగలేదు.

ముందు లైసెన్సుల ఆఫీసుకు వెళ్లాం. నిన్న గెలిచినవాడు మళ్లీ ఎందుకొచ్చాడా అని గుమాస్తా వింతగా చూశాడు. అధికారి ముందు నిలబడి, "తెలియదన్నాను. తెలుసండీ. అమ్మినాయన చెప్పాడు, చెప్పొద్దన్నది నేను, బీరువా జరిపించింది నేను" అన్నాను. ఆయన పాత ఫైలు తెప్పించారు. తర్వాత నా చేతే రాయించి సంతకం పెట్టించుకున్నారు. విచారణ మళ్లీ మొదలవుతుంది. లైసెన్సు దక్కదని మొహం మీదే చెప్పారు. అబద్ధం చెప్పినందుకు నామీద ఇంకో కేసు కూడా ఉంటుందట. లాయరు ఫోను చేసి నన్ను పిచ్చివాడన్నాడు. గడియారాలాయన చెల్లెలికి కూడా రాశాను, మీ అన్నయ్య ఏదీ దాచలేదని.

ఆ తర్వాత డ్రైవరుగారింటికి వెళ్లాం. మీ అమ్మాయి వస్తానంది గానీ, గేటు దగ్గరే ఉండమన్నాను. సామానంతా ముందు గదిలోకి చేర్చుకున్నారు. ముసలావిడ మంచం గుమ్మానికి అడ్డంగా ఉంది. ఆవిడ నన్ను చూసి, పలకరించి, కూర్చోమని కుర్చీ చూపించింది. కూర్చోలేదు. డ్రైవరుగారు డ్యూటీకి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు.

నిలబడే చెప్పాను. తెలుసని చెప్పాను, ఎవరు చెప్పారో చెప్పాను, బీరువా ఎవరు జరిపించారో చెప్పాను. మీకు గది కట్టించి ఇస్తామని, వద్దంటే ఇల్లు వెనక్కి తీసుకుంటామని, మా మామగారు కూడా అదే మాట రాశారని చెప్పాను. క్షమించమని అడగబోయాను, ఏ మొహంతో అడగాలో తెలియక ఊరుకున్నాను. ఆయన చివరిదాకా విన్నారు. ముసలావిడ కొడుకు మొహం, నా మొహం మార్చి మార్చి చూసింది. ఆయన గుండీలు పెట్టుకోవడం పూర్తి చేశారు.

"డబ్బు సంగతి, గది సంగతి ఆఫీసులో మాట్లాడదాం" అన్నారు. "కానీ నిన్న మా ఆవిడ వద్దంటున్నా వినకుండా మెట్ల దగ్గర మిమ్మల్ని క్షమించమన్నాను. ఆ మాట నాకు తిరిగి ఇచ్చెయ్యండి."

"ఇచ్చేస్తున్నానండీ" అన్నాను. ఆయన తల ఊపి, తల్లి మంచం కొంచెం పక్కకు జరిపి, నేను బయటికి రావడానికి దారి ఇచ్చారు.

మీ అల్లుడు